కరిగిన ప్లాస్మాలో పై పొర

పెన్సిళ్ళు

ఉద్యోగంలో చేరిన మొదటి వారం నాకు అప్పగించిన పని పెన్సిళ్ళు చెక్కడం. అరవైల చివర్లో సంగతి. పాతబస్తీలోని ఒక పెద్ద సర్కారీ ఆసుపత్రిలో, రక్తంలో మందులూ విషాలూ ఉన్నాయో లేదో చూసే చిన్న ల్యాబు మాది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, మొఘల్‌పురాలోని ఇంటి నుంచి గంజిపెట్టిన చీర కట్టుకుని నడిచి వచ్చిన నాకు ఆ పని పెద్ద అవమానంగా తోచింది. మా పెద్దసారు రజ్వీ సాబ్ నేను చెక్కిన పెన్సిళ్ళను ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూశారు.

"సిరాతోని రాస్తే మంచుల ఏమైతది?"

"చెరిగిపోతది సాబ్."

"పేరు చెరిగిపోయిన రక్తం ఎవరిది?"

జవాబూ ఆయనే చెప్పారు.

"కిసీకా నహీ. ఎవ్వరిదీ కాదు. పారబొయ్యాలె, అంతే."

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగినదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన చెప్పినా నేను చేయని పని ఒకటుంది. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

పని ఎలా ఉండేదో ముందు చెబుతాను. వార్డు నుంచి వచ్చిన రక్తాన్ని యంత్రంలో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కు పోతాయి. పైన లేత గడ్డిరంగు ద్రవం తేలుతుంది. అదే ప్లాస్మా. దాన్ని సన్నటి గాజు గొట్టంలోకి తీసి, రబ్బరు బిరడా పెట్టి, ప్లాస్టరు ముక్క మీద పెన్సిలుతో పేరు రాసి అంటించి, ఫ్రీజరులో నిలబెట్టాలి. పరీక్ష మర్నాడే జరగవచ్చు, ఆర్నెల్లకు జరగవచ్చు. ఫ్రీజరు తాళంచెవి రజ్వీ సాబ్ కోటు జేబులో ఉండేది. ఒక ఎండాకాలం సూపరింటెండెంటు ఆఫీసు ప్యూను అందులో మామిడిపళ్ళు దాచాడని తెలిసిన రోజు నుంచి ఆ చెవి ఆయన జేబు దాటలేదు.

మేము ఎక్కువగా చూసేది నల్లమందు జాతి మందులనే. మార్ఫిన్, పెథిడిన్. ఆపరేషన్ అయినవాళ్ళకూ, క్యాన్సరు ముదిరినవాళ్ళకూ నొప్పి తెలియకుండా ఇచ్చే ఇంజెక్షన్లు. ఇవి దొంగతనంగా బయటికి పోతాయి. ఎక్కువైతే ఊపిరి ఆపేస్తాయి. అందుకని వీటి చుట్టూ ఎప్పుడూ అనుమానాలూ ఫిర్యాదులూ ఉండేవి. చివరికి అవన్నీ ఒక గాజు గొట్టంగా మారి మా బల్ల మీదికి వచ్చేవి.

హుస్సేనీ బీ

డెబ్భైల మొదట్లో ఆడవాళ్ళ క్యాన్సర్ వార్డులో హుస్సేనీ బీ అనే ఆవిడ ఉండేది. యాభై దాటిన మనిషి. గర్భసంచిలో మొదలైన జబ్బు వెన్నెముకకు పాకింది. ఆరు గంటలకొక పెథిడిన్ ఇంజెక్షన్ ఇచ్చేవారు. ఇచ్చిన కాసేపటి వరకు మూలుగు తగ్గేది. తర్వాత అరుపులు. వార్డుకూ మా ల్యాబుకూ మధ్య వాకిలి ఉంది. కిటికీలు మూసినా ఆ అరుపులు వినబడేవి. మేము పని చేసుకుంటూనే ఉండేవాళ్ళం. కొన్నాళ్ళకు చెవులు అలవాటు పడతాయి. అలవాటు పడిన రోజున మనలో ఒకటి పోతుంది, ఆ సంగతి మనకు తెలియదు.

ఆమె కొడుకు ఖాజా లాడ్ బజార్‌లో లక్క గాజుల కొలిమి దగ్గర పని చేసేవాడు. వేళ్ళ నిండా కాలిన మచ్చలు. పక్క మంచం ఆమె అదే ఇంజెక్షన్‌తో నిద్రపోవడం చూశాడు. తన తల్లి అరవడం చూశాడు. ఒక రోజు తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి పోయి నిలబడ్డాడు.

"సూయీ మే పానీ హై సాబ్. మా అమ్మకు నీళ్ళు పొడుస్తున్నరు. మందు బయట అమ్ముకుంటున్నరు."

పెథిడిన్ బయటికి పోతోందన్న గుసగుస అంతకుముందే ఉంది. సూపరింటెండెంటు ఎవరికీ చెప్పకుండా ఒక ఏర్పాటు చేశారు. ఇంజెక్షన్ ఇచ్చిన గంటకు ఒక హౌస్ సర్జన్ పోయి ఆమె రక్తం తీశాడు. మందు ఉందో లేదో, ఉంటే ఇచ్చిన డోసుకు తగినంత ఉందో లేదో మేము చెప్పాలి.

ఆ పూట ఇంజెక్షన్ ఇచ్చింది సిస్టర్ కరుణమ్మ. ముప్ఫై ఏళ్ళుంటాయి. భర్త కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో వెల్డరు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అదే తెల్లచీరతో డ్యూటీకి వచ్చేది. నాకు ముఖపరిచయమే తప్ప స్నేహం లేదు.

పది రోజుల తర్వాత హుస్సేనీ బీ పోయింది. చివరి వరకూ అరుస్తూనే పోయింది.

రెండో గడి

రక్తం వచ్చేనాటికి మా యంత్రం పాడైపోయి ఉంది. ప్లాస్మాలోంచి మందును ఈథర్‌లోకి లాగి ఆ యంత్రంలోకి ఎక్కిస్తే, కాగితం మీద పెన్ను ఒక కొండ గీస్తుంది. కొండ ఎత్తును బట్టి మందు ఎంతుందో చెబుతాం. దాని సామాను ఒకటి విదేశం నుంచి రావడానికి మూడు నెలలు పట్టింది. హుస్సేనీ బీ ప్లాస్మా ఆ మూడు నెలలూ ఫ్రీజరులోనే ఉంది.

యంత్రం బాగైన రోజు పొద్దున్నే సూపరింటెండెంటు ప్యూను వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "రిపోర్టు తీసుకొనే రమ్మన్నరు మేడం. సాబ్ కూసోని ఉన్నరు."

గొట్టాన్ని ఫ్రీజరులోంచి తీసి స్టాండులో పెట్టాను. మంచు కరిగింది. పైనుంచి పిపెట్‌తో పరీక్షకు కావలసినంత తీశాను. పెన్ను గీసిన కొండ చాలా చిన్నది. ఆ డోసుకు ఉండాల్సిన దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. ముప్పావు వంతు మందు తీసేసి నీళ్ళు కలిపితే వచ్చేటంత.

మా ల్యాబులో ప్రతి నమూనానూ రెండుసార్లు చూడాలి. రిజిస్టరులో ప్రతి పేరు ఎదుటా రెండు గడులుంటాయి. రెండో పరీక్షకు ఇంకో రెండు గంటలు కావాలి. రజ్వీ సాబ్ మీటింగులో ఉన్నారు. ప్యూను గోడ గడియారం వైపూ నా వైపూ చూస్తున్నాడు. మూడు నెలల పని బల్ల మీద పేరుకుపోయి ఉంది. నేను రెండో గడిలో మొదటి అంకెకు కొంచెం తేడాగా ఇంకో అంకె వేశాను.

రెండో పరీక్ష నేను చేయలేదు. ఇది ఇప్పటివరకూ ఎక్కడా రాయలేదు.

రజ్వీ సాబ్ వచ్చి రిజిస్టరు చూశారు. "దో బార్? రెండుసార్లు చూసినవా?"

"జీ సాబ్."

సంతకం పెట్టారు. మిగిలిన ప్లాస్మా ఉన్న గొట్టానికి బిరడా బిగించి, దాని చుట్టూ కాగితం చుట్టి, సూపరింటెండెంటు ఆఫీసులో లక్క సీలు వేయించారు. కేసు ఫైలు మూసే వరకు పారేయవద్దని చీటీ అంటించి మళ్ళీ ఫ్రీజరులో పెట్టించారు.

విచారణ

విచారణ గదిలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. నన్ను సాక్షిగా పిలిచారు. గోడ పక్కన కరుణమ్మ నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నేను నీళ్ళు పొడవలే సార్," అంది. "మందే పొడిచిన. ఆ అమ్మకు ఆ డోసు సరిపోతలేదు. పెంచుమని డాక్టరు సార్‌కు మూడుసార్లు చెప్పిన. అలవాటు పడ్తది, వద్దు అన్నరు."

"అది డాక్టర్లు చూసుకునే సంగతి," అన్నాడు అధికారి. "రక్తంలో మందెందుకు లేదో అది చెప్పు."

ఆమె నా వైపు తిరిగింది. "మేడం, మీరు మంచిగ చూసిన్రా? ఇంకోసారి చూస్తరా?"

"రెండుసార్లు చూసిన," అన్నాను. గొంతు తొణకలేదు. ఆ విషయం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఉద్యోగంలోంచి తీసేశారు. నర్సుల రిజిస్టరులోంచి పేరు కొట్టేశారు. పోలీసులకు అప్పగించకపోవడమే దయ అన్నారు. ఖాజా ఆ రోజు వరండాలో నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి వచ్చి, రెండు చేతులూ జోడించి, షుక్రియా అన్నాడు.

అసలు ఆ ఒక్క అంకెతో అంత మాట అనే హక్కు మాకు లేదు. నా పరీక్ష సరిగా జరిగి ఉన్నా లేదు. ఒకే మందు ఒకే డోసులో ఇద్దరికిస్తే ఇద్దరి రక్తంలో ఒకేలా ఉండదు. ఒళ్ళు ఎండిపోయిన రోగిలో, లివరు చెడిన రోగిలో ఇంకోలా ఉంటుంది. ఆ సంగతి రిపోర్టులో ఒక్క వాక్యం రాయాల్సింది. రాయలేదు. అధికారులు అంకె అడుగుతారు. మనం అంకె ఇచ్చేస్తాం. అంకె చుట్టూ ఉన్న అనుమానాన్ని మన దగ్గరే అట్టే పెట్టుకుంటాం.

పసుపు

రెండేళ్ళు గడిచాయి. ఒక రోజు కామెర్ల రోగి ప్లాస్మాను ఫ్రీజరులోంచి తీసి స్టాండులో పెట్టి టీకి వెళ్ళాను. కామెర్ల రక్తం కాబట్టి అది పసుపు కలిపినట్టు ఉండాలి. తిరిగి వచ్చి చూస్తే గొట్టం పై భాగం మంచినీళ్ళలా తేటగా ఉంది. కిందికి పోయేకొద్దీ రంగు ముదిరి, అడుగున చిక్కటి పసుపు.

పుల్ల ఐసు పీల్చినవాళ్ళకు ఇది తెలిసిందే. రంగూ తీపీ ముందు నోట్లోకి వచ్చేస్తాయి, చివరికి పుల్లకు తెల్లటి మంచు మిగులుతుంది. గొట్టంలోనూ అంతే. నీరు గడ్డకడుతూ, తనలో కరిగి ఉన్న వాటిని పక్కకు నెడుతుంది. కరిగేటప్పుడు అవి బరువుగా కిందికి దిగుతాయి. పైన నీళ్ళు తేలతాయి. గొట్టాన్ని తలకిందులుగా నాలుగైదుసార్లు తిప్పి కలిపితే మళ్ళీ అంతా ఒక్కటవుతుంది. కలపకుండా పైనుంచి తీస్తే మనం తీసేది నీళ్ళు.

నేను గొట్టాలను ఏనాడూ తిప్పి కలపలేదు. నురగ వస్తుందని భయం. నాకు నేర్పినవాళ్ళూ కలపలేదు.

ఆ మధ్యాహ్నం బ్లడ్ బ్యాంకు ప్లాస్మా తెచ్చి, తూచిన పెథిడిన్ కలిపి, గొట్టాల్లో పోసి గడ్డకట్టించాను. మర్నాడు కరిగించి, ఒకదాంట్లో పైనుంచి తీశాను, ఇంకోదాంట్లో అడుగు నుంచి తీశాను. పైదాని కొండ చిన్నది. ఎక్కడో చూసిన ఎత్తే. రిజిస్టరు వెనక్కి తిప్పాల్సిన అవసరం లేకపోయింది, ఆ అంకె నాకు గుర్తే. అడుగుదాని కొండ కాగితం అంచు దాకా లేచింది.

రజ్వీ సాబ్ గదిలోకి పోయి తలుపు మూసి మొత్తం చెప్పాను. పై పొర సంగతీ చెప్పాను, రెండో గడి సంగతీ చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"రెండోసారి తీసుంటే లోపటి చిక్కటిది వచ్చేది," అన్నారు. "రెండు అంకెలు కలవకపొయ్యేవి. నువ్వు నా దగ్గరికి వచ్చేదానివి. ఆ రోజే దొరికేది బేటీ."

నేను ఏడ్చాను. ఆయన ఊరడించలేదు.

"దో బార్ అని అడిగినప్పుడు నీ మొహం చూడలే నేను. కాగితం చూసిన. అది నా తప్పు."

మంచులో మందు ఎంతకాలం

ఫైలు మూసినట్టు ఎవరూ రాసివ్వలేదు, సీలు వేసిన గొట్టం ఫ్రీజరులో అలాగే ఉంది. వెంటనే తెరిచి చూద్దామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"మంచుల ఇన్ని రోజులు మందు బతుకుతదా లేదా, నీకు తెలుసా? ఒకవేళ కరాబైపోయి ఉంటే నీకు ఏం దొరకది. దొరకకపోతే ఆ పిల్ల కథ ఇంక ఖతం. ముందు అది తెలుసుకో."

ఆయన చెప్పింది సబబే. ఆ సంగతి తేల్చిన పుస్తకం మా దగ్గర లేదు. తెలిసిన కొలతలో పెథిడిన్, మార్ఫిన్ కలిపిన ప్లాస్మాను చాలా గొట్టాల్లో పోసి, అదే ఫ్రీజరులో, అదే వరసలో నిలబెట్టాను. వారానికొకటి, తర్వాత నెలకొకటి తీసి, బాగా కలిపి, రెండుసార్లు పరీక్షించేదాన్ని. ఈసారి రెండుసార్లూ నిజంగానే.

ఎండాకాలం కరెంటు పోయేది. ల్యాబు అటెండరు యాదయ్య ఫ్రీజరు మూత మీద చెయ్యి పెట్టుకుని కాపలా నిలబడేవాడు. "ఎవ్వరు మూత తియ్యకుండ్రి. తీస్తే గర్మీ లోపటికి పోతది," అని కేకలేసేవాడు. తనే పోయి ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డలు రంపపు పొట్టులో చుట్టి రిక్షాలో తెచ్చేవాడు. అయినా రెండుసార్లు గొట్టాలు కరిగి మళ్ళీ గడ్డకట్టాయి. ఆ తేదీలు కూడా రాసుకున్నాను.

తెలిసింది ఇది. పెథిడిన్ మంచులో ఏమీ కాలేదు. మార్ఫిన్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కరిగి గడ్డకట్టినా, బాగా కలిపితే చాలు, అంకె అంకెలాగే ఉంది. కరిగిన గొట్టాన్ని పడుకోబెట్టి వదిలేస్తే మాత్రం రబ్బరు బిరడా కొంత మందును పీల్చుకునేది. అన్ని మందులూ ఇలా ఉండవు. చర్మాన్ని మొద్దుబార్చే ప్రొకెయిన్‌ను ప్లాస్మాలో కలిపితే కొద్దిసేపట్లోనే ప్లాస్మా దాన్ని విరగ్గొట్టేసేది. అందుకే ఒక మందు గురించి తెలిసింది ఇంకో మందుకు అంటగట్టకూడదు.

ఆర్నెల్లకే ఈ సంగతి తేలిపోయింది. రజ్వీ సాబ్ నా గ్రాఫు కాగితం చూశారు. అడ్డంగా కట్టిన దారంలా తిన్నటి గీత.

"అబ్ ఖోలో," అన్నారు. తెరువు.

"ఆ గొట్టానికి రెండేళ్ళు దాటినయి సాబ్. మనవి ఆర్నెల్లే గద. ఒక్క సంవత్సరం చూద్దం."

సంవత్సరం అయింది. గీత అలాగే ఉంది. ఇంకొన్నాళ్ళు అన్నాను. నా గొట్టాలకు ఏడాది నిండేసరికి ఆ గొట్టానికి మూడేళ్ళు. నా గొట్టాలు దాన్ని ఎప్పటికీ అందుకోలేవు. ఆ లెక్క నాకు తెలియక కాదు. అదీగాక, తెరిచి చూస్తే మందు దొరికితే చాలు, ఇంకే రుజువూ అక్కర్లేదు. పెథిడిన్ మంచులో తనంతట తాను పుట్టదు. నేను సైన్సు పేరు చెప్పి భయాన్ని దాచుకున్నాను. గొట్టం తెరిస్తే రిజిస్టరు తెరుస్తారు. రిజిస్టరు తెరిస్తే రెండో గడి కనబడుతుంది.

రజ్వీ సాబ్ రిటైరైన రోజు ఫ్రీజరు తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నీకు తెలియాల్సింది తెలిసింది. ఇంకా ఏం కావాలె?" అన్నారు. దాన్ని కొంగుకు ముడివేసుకున్నాను. ఆయన ఆగకుండా వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఇంకో ఏడాది అలాగే గడిపాను.

సంతోష్‌నగర్‌లో

మా వదినను కాన్పుకు సంతోష్‌నగర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. చూడటానికి వెళ్తే, ఆమె మంచం కింది నుంచి బెడ్‌పాన్ తీస్తున్న ఆయా తలెత్తింది. కరుణమ్మ. జుట్టు ముందు వైపు నెరిసింది.

"బాగున్నరా మేడం?"

"ఇక్కడ పని చేస్తున్నవా?" అన్నాను.

"మూడేండ్లాయె. సూది మాత్రం ముట్టనియ్యరు. ఎవరో చెప్పిన్రట." బెడ్‌పాన్ మీద గుడ్డ కప్పింది. "మా ఆయన ఏమనలే, ఆయన మంచోడు. మా నాయినే... చర్చిల పాటలు పాడెటోడు మేడం. నా సంగతి అయినంక ఇంట్లకెళ్ళి బయటికి రాలే. గట్లనే పోయిండు, పోయిన సలికాలం. దొంగ బిడ్డను కన్నోడు అనిపిచ్చుకోనే పోయిండు."

కోపంగా అనలేదు. పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. తర్వాత మా వదిన నడుం కింద దిండు సర్ది, "ఎక్కువ కదలకమ్మా," అని బయటికి పోయింది.

ఆ రోజు కూడా నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. మర్నాడు పొద్దున సూపరింటెండెంటు ఆఫీసు తెరిచేసరికి తలుపు ముందు నిలబడి ఉన్నాను.

సీలు

అప్పటికి సూపరింటెండెంటు మారారు. కొత్తాయన సంగతంతా విని విసుగ్గా మొహం పెట్టారు.

"నాలుగేళ్ళు మంచులో ఉన్నది ఇప్పుడు చూసి ఏం చెప్తవమ్మా? ఎవరు నమ్ముతరు?"

నా గ్రాఫు కాగితాలు ఆయన బల్ల మీద పరిచాను. రెండేళ్ళ పైచిలుకు కొలతలు. కరెంటు పోయిన తేదీలతో సహా. ఆయన మొదటి కాగితం నిర్లక్ష్యంగా చూశారు, రెండోది కొంచెం ఆగి చూశారు. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నారు.

"నువ్వే అందులో మందు కలిపినవని అంటే?"

"సీలు మీ ఆఫీసుది సార్. మీరే వచ్చి పగలగొట్టుండ్రి."

ఆయన వచ్చారు. లక్క చెక్కు చెదరలేదు. పెన్సిలుతో రాసిన హుస్సేనీ బీ పేరు నిన్న రాసినట్టు ఉంది. సీలు ఆయనే పగలగొట్టారు. గొట్టం కరిగాక తలకిందులుగా తిప్పి తిప్పి కలిపాను. రెండుసార్లు పరీక్షించాను. రెండుసార్లూ పెన్ను ఒకే ఎత్తు కొండ గీసింది.

అందులో మందు ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది. నాలుగేళ్ళ కింద నేను పైనున్న పలచటిది తీసేశాను కాబట్టి చిక్కటిది మిగిలింది. అప్పుడు తీసినదీ ఇప్పుడు మిగిలినదీ కలిపి లెక్కవేస్తే, ఆ డోసుకు గంట తర్వాత రక్తంలో ఎంత ఉండాలో సరిగ్గా అంత. కరుణమ్మ మందే పొడిచింది. పూర్తిగా పొడిచింది.

రిపోర్టు రాశాను. కరిగిన నమూనాను కలపకపోవడం వల్ల ల్యాబు పొరపాటు జరిగిందని రాశాను. రెండో గడి సంగతి రాయలేదు. సూపరింటెండెంటు పాత రిజిస్టరు అడగలేదు. అడగాలని నేను ఎదురుచూశాను, అడగనందుకు ఊపిరి పీల్చుకున్నాను. రెండూ నిజమే.

ఖాజాకు ఎవరూ చెప్పరని తెలుసు. అతని ఇల్లు మా మొఘల్‌పురాలోనే, రెండు గల్లీల అవతల. వెళ్ళి గుమ్మంలోనే నిలబడి చెప్పాను. మీ అమ్మకు నీళ్ళు పొడవలేదు, మందే ఇచ్చారు, తప్పు మాది అన్నాను.

"ఫిర్ మేరీ అమ్మీ కాయ్కు చిల్లాతీ థీ?" అన్నాడు.

మందు ఉంటే మరి మా అమ్మ ఎందుకు అరిచింది. ఈ ప్రశ్న నాలుగేళ్ళుగా మాలో ఎవరికీ తట్టలేదు. దొంగ దొరికిందని అందరం ఊరుకున్నాం. డోసు చాలలేదని చెప్పాను. పెంచితే తగ్గేదని చెప్పాను. పెంచమని ఒకే ఒక్క మనిషి అడిగిందని, ఆ మనిషిమీదే అతను ఫిర్యాదు చేశాడని మాత్రం నా నోటితో చెప్పలేకపోయాను. చెప్పాల్సిన అవసరం రాలేదు. అతను గుమ్మం పక్కనే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. లోపల భార్య, "క్యా హువా జీ?" అని పిలుస్తోంది.

మళ్ళీ వార్డులో

ఫైలు ఇంకో ఏడాదిన్నర తిరిగింది. నర్సుల రిజిస్టరులోకి కరుణమ్మ పేరు మళ్ళీ ఎక్కింది. అదే ఆసుపత్రి, అదే వార్డు. ఎనభైలు దగ్గరపడుతున్నాయి. కొత్త నర్సులకు ఆమె కథ తెలియదు.

ఆమె ఇంజెక్షన్ ఇచ్చే తీరు చూసి వాళ్ళు నవ్వుకునేవారు. రోగి తాలూకు వాళ్ళను మంచం దగ్గరికి పిలిచేది. మందు సీసాను వాళ్ళ కళ్ళ ముందు పెట్టి, పేరు చదివించేది. చదువు రానివాళ్ళకు తానే చదివి చెప్పేది. వాళ్ళు చూస్తుండగా సీసా మెడ విరిచి, మందు సిరంజిలోకి లాగి, వెలుతురుకు ఎత్తి, "చూసిన్రా? మంచిగ చూసిన్రా?" అని అడిగి, వాళ్ళు అవునన్నాకే పొడిచేది. ప్రతి ఒక్కరికీ. రిటైరయ్యే వరకూ.

నేను క్షమాపణ చెప్పడానికి చాలాకాలం వెతుక్కున్నాను. ఒక మధ్యాహ్నం వాకిలిలో ఎదురుపడితే ఆపి చెప్పాను. పై పొర గురించి, పుల్ల ఐసు పోలికతో సహా వివరించాను. రెండుసార్లు చూశానని ఆ రోజు అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. ఆమె చేతిలో ట్రే ఉంది. అంతా విన్నది. ఆ చివరి మాటకు ఏమంటుందోనని చూస్తున్నాను.

"మరి మేడం," అంది, "గట్ల పైనకెళ్ళి తీసి చూసినయి ఇంకెన్ని ఉన్నయి?"

నాకు అర్థం కాలేదు.

"నాదొక్కటే గాదు గద. గన్ని ఏండ్లు గట్లనే చూసిన్రు గద అందరియి. వాళ్ళందరు ఏమైన్రు?"

ట్రేలో దూది సర్దుకుని వార్డులోకి పోయింది.

ఆ సాయంత్రం పాత రిజిస్టర్లు దింపించాను. కామెర్ల గొట్టం కనబడిన రోజుకు ముందు, మంచులోంచి తీసి పరీక్షించినవన్నీ ఒక్కొక్కటిగా చూశాను. "మందు లేదు", "మందు తక్కువ" అని రాసిన పదకొండు పేర్లు తేలాయి. ఒక కాంపౌండరు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నల్లమందు తాగించి చంపారని బంధువులు మొరపెట్టుకున్న ఒక ముసలాయన ఉన్నాడు, రక్తంలో ఏమీ లేదని మేము రాసిచ్చాం. ఒక పసిపిల్ల ఉంది. కొన్నిటికి రెండో గడి నా చేతిరాతలో, అనుమానం వచ్చేంత దగ్గర అంకెలతో ఉంది. వాటిల్లో నిజంగా చేసినవేవో, రాసినవేవో నాకే గుర్తు లేదు.

యాదయ్యతో కలిసి ఫ్రీజరు అడుగు దాకా వెతికాను. ఆ పదకొండింటిలో ఒక్క గొట్టమూ లేదు. చోటు చాలక పాతవి ఖాళీ చేసి, కడిగి, మళ్ళీ వాడుకున్నాం. పారేసిన వాటి జాబితా పుస్తకం తెరిచాను. పదకొండు పేర్లూ అందులో ఉన్నాయి. పారేయడానికి అనుమతి అన్న చోట ప్రతి పేరు పక్కనా ఉన్న సంతకం నాది.